పాట మీకు ఎక్కడ మొదలవుతుందో చెప్పండి, సాఫ్ట్‌వేర్ ఏదో చెబుతా

ఇంట్లో కూర్చుని సొంతంగా పాటలు చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఎఫ్ఎల్ స్టూడియో మంచిదా, ఏబుల్టన్ మంచిదా, లేక అప్పో సప్పో చేసి మ్యాక్ కొని లాజిక్ వేసుకోవాలా? (ఇవన్నీ కంప్యూటర్‌లో పాట రికార్డు చేసి, కట్టి, మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్లు.) జవాబులకేం తక్కువ లేదు, కాకపోతే ఎవరు ఏది వాడుతుంటే వాళ్లకి అదే గొప్పది. నన్నడిగితే ప్రశ్ననే కాస్త తిప్పి అడగాలి. మీ బుర్రలో పాట దేనితో మొదలవుతుంది? ముందు దరువు తడుతుందా, స్నానం చేస్తుంటే గొంతులో ట్యూన్ పుడుతుందా, కీబోర్డు మీద చేతులు పెట్టాకే ఏదైనా కదులుతుందా? దీనికి మీకు మీరు నిజం చెప్పుకుంటే సగం సాఫ్ట్‌వేర్లు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

దానికంటే ముందు ఒక అపోహ తీసేద్దాం. "ఫలానా దాంట్లో సౌండ్ బాగొస్తుంది" అనే మాట అస్సలు పట్టించుకోకండి. ఒకే వేవ్ ఫైళ్లని రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో పెట్టి, వాల్యూమ్ ఎక్కడా కదపకుండా, పాన్ లా (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపితే దాని స్థాయి ఎలా మారాలో చెప్పే) సెట్టింగ్ రెండిట్లోనూ ఒకేలా ఉంచి (ఏబుల్టన్ అయితే ఆడియోని పాట వేగానికి సాగదీసే వార్ప్ కూడా ఆపేసి) ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన రెండు ఫైళ్లలో ఒకదాని ఫేజ్ తిరగేసి (అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) రెండోదానితో కలిపి ప్లే చేస్తే ఏమీ వినపడదు, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే లోపల జరిగే లెక్క ఒకటే. తేడా ఉండేది వాటితో పాటు ఇచ్చే వాయిద్యాల్లో, ఎఫెక్టుల్లో, మీ చేత పని చేయించే పద్ధతిలో. "ఎఫ్ఎల్ సౌండ్" అని మనం దేన్నయితే అంటామో అది అందరూ అవే శాంపిల్ ప్యాకులు (రెడీమేడ్ శబ్దాలు), అవే ప్రీసెట్లు (ముందే చేసిపెట్టిన సెట్టింగులు) వాడటం వల్ల వచ్చిన పేరు.

పెద్దవాళ్లు ఏం వాడతారన్నది కూడా పక్కన పెట్టండి. ఏ.ఆర్. రెహమాన్ లాజిక్ వాడతారు, హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ క్యూబేస్ వాడతారు, నిజమే. వాళ్ల దగ్గర ప్రోగ్రామర్లు, ఇంజినీర్లు, అసిస్టెంట్లు ఉంటారు. మన దగ్గర మనమే ప్రోగ్రామరు, మనమే ఇంజినీరు, కరెంటు పోతే ఫైల్ సేవ్ అయిందో లేదో చూసుకునేదీ మనమే.

ముందు మీ దగ్గరున్న మెషీన్ సంగతి

లాజిక్ ప్రో మ్యాక్‌లోనే నడుస్తుంది. ఈమ్యాజిక్ అనే జర్మన్ కంపెనీ దాన్ని తయారుచేసేది, 2002లో యాపిల్ ఆ కంపెనీని కొనేసి విండోస్ వెర్షన్ ఆపేసింది. ఐప్యాడ్‌కి 2023లో ఒక వెర్షన్ వచ్చింది, అది చందా కట్టి వాడుకునేది. కాబట్టి మీ దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే లాజిక్ ఊసే వద్దు. ఇంకా నాలుగు పాటలు కూడా చేయనివాళ్లు సాఫ్ట్‌వేర్ కోసం ల్యాప్‌టాప్ మార్చడం దండగ ఖర్చు, ఆ డబ్బుతో ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె), ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్ వచ్చి ఇంకా మిగులుతుంది. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, క్యూబేస్, రీపర్, ప్రో టూల్స్ అన్నీ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తాయి. రీపర్ అయితే లినక్స్‌లో కూడా.

8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు. వీణ, వయొలిన్ సెక్షన్ లాంటి పెద్ద శాంపిల్ లైబ్రరీలు ఎక్కించడం మొదలుపెట్టాక 16 జీబీ లేకపోతే మెషీన్ మూలుగుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి, చాలా ల్యాప్‌టాపులకి అసలు జబ్బు అదే.

దరువుతో మొదలయ్యేవాళ్లకి

మీకు ముందు బీట్ తడుతుందంటే ఎఫ్ఎల్ స్టూడియో. రెండో ఆలోచన అక్కర్లేదు. బెల్జియంకి చెందిన ఇమేజ్-లైన్ వాళ్లది, మొదట్లో ఫ్రూటీలూప్స్ అనేవాళ్లు, 2003లో పేరు మార్చారు. మన దగ్గర జానపదాల డీజే రీమిక్స్‌లు చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది దీంట్లోనే చేస్తారు, దానికి కారణం తెరవగానే తెలుస్తుంది. కిక్, క్లాప్, హ్యాట్, స్నేర్ అని నాలుగు వరుసలు, ఒక్కో వరుసకి 16 గడులు కనిపిస్తాయి. గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. సంగీతం రానివాడు కూడా ఐదు నిమిషాల్లో తల ఊపించే బీట్ ఒకటి పుట్టించగలడు.

అయితే మన తీన్మార్ నడక ఆ 16 గడుల్లో ఇమడదు. అక్కడే చాలామంది "ఏదో తేడాగా ఉందేంటి" అని తికమకపడతారు. 16 గడులంటే నాలుగేసి చొప్పున నాలుగు దెబ్బలు, చతురస్రం. తీన్మార్‌కి మూడేసి లెక్క కావాలి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్ సిగ్నేచర్ 6/8 చేసుకుంటే ఒక బార్‌కి 12 గడులొస్తాయి. కిక్ 1, 7 గడుల్లో పెట్టండి. డప్పు శాంపిల్ ఒక్కటే వాడకుండా సిర్ర దెబ్బ ఒక వరుసగా, సిటికెన పుల్ల దెబ్బ ఇంకో వరుసగా విడగొట్టి, వాటిని 5, 9, 11 గడుల చుట్టుపక్కల జరుపుతూ వినండి. నడక దొరికాక ఒక్కో దెబ్బ బలాన్ని అంటే వెలాసిటీని ఎక్కువ తక్కువ చేయండి, అన్నీ ఒకే బలంతో ఉంటే మిషన్ కొట్టినట్టే ఉంటుంది. ఈ టైమ్ సిగ్నేచర్ సౌకర్యం 2018లో ఎఫ్ఎల్ స్టూడియో 20తో వచ్చింది కాబట్టి అంతకుముందు వీడియోల్లో చెప్పే అడ్డదారులు ఇప్పుడు అవసరం లేదు.

ఎఫ్ఎల్‌లో ఇంకో ఆకర్షణ, ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం. ఈ రోజుల్లో ఇలా ఇచ్చేవాళ్లు అరుదు. ట్రయల్‌కి కూడా గడువు లేదు, పాటని ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. ఒక్కటే మెలిక: సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేవరకు మళ్లీ తెరుచుకోదు. అంటే కూర్చున్న కూర్చునే ఒక బీట్ పూర్తి చేసి బయటికి తీసేయాలి. నేర్చుకునేవాళ్లకి ఇది ఒకరకంగా మేలే, రోజూ కొత్తది మొదలుపెట్టి రోజూ ముగించక తప్పదు.

కొనేటప్పుడు మాత్రం ఎడిషన్ చూసుకోండి. అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగ్ లేదు. గొంతు ఎక్కించాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోవాల్సిందే. ఇది తెలియక చవక అని ఫ్రూటీ కొని తర్వాత తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఏబుల్టన్ లైవ్ కూడా దరువు మనుషులదే కానీ దాని మనస్తత్వం వేరు. బెర్లిన్‌లో పుట్టింది, 2001లో మొదటి వెర్షన్ వచ్చింది, పేరులో లైవ్ అని ఊరికే పెట్టలేదు. సెషన్ వ్యూలో చిన్న చిన్న ముక్కలు, ఒక డ్రమ్ లూప్, ఒక బేస్ ముక్క, ఒక హమ్మింగ్, గడుల్లో పెట్టుకుని ఏది నొక్కితే అది తాళంలోనే అందుకుంటుంది. పాట నిర్మాణం ముందే ఆలోచించకుండా ఆడుకుంటూ వెతుక్కునేవాళ్లకి, స్టేజీ మీద ల్యాప్‌టాప్‌తో వాయించాలనుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. ఎక్కడిదో పాత రికార్డింగ్ తెచ్చి టెంపోకి సాగదీయాలన్నా వార్ప్ చాలా బాగా పనిచేస్తుంది. కానీ పల్లవి, చరణం, మధ్యలో ఇంటర్లూడ్ అంటూ సినిమా పాట లెక్కలో ఆలోచించే మనవాళ్లకి సెషన్ వ్యూ చూడగానే టెన్షన్ వస్తుంది, చివరికి పాటని ఎడమ నుంచి కుడికి వరుసగా పరిచే మామూలు అరేంజ్‌మెంట్ వ్యూలోకి వెళ్లి పని కానిస్తారు. ఆ మాత్రానికి అంత డబ్బు ఎందుకు? స్టేజీ ఆలోచన లేకపోతే నేను అన్నిటికంటే ఖరీదైన ఏబుల్టన్ సూట్ ఎడిషన్ కొనమని ఎవరికీ చెప్పను. చాలా ఆడియో ఇంటర్‌ఫేసులతో, కీబోర్డులతో లైట్ ఎడిషన్ ఉచితంగా వస్తుంది, ట్రాకుల సంఖ్యకి పరిమితి ఉంటుంది కానీ రుచి చూడటానికి చాలు.

గొంతుతో మొదలయ్యేవాళ్లకి

పాడేవాళ్లు, గిటారో వయొలినో వాయిస్తూ కవర్ సాంగ్స్ చేసేవాళ్లు, కర్ణాటక సంగీతం నేర్చుకుని కీర్తనకి కాస్త కొత్త సొగసు అద్దుదామనుకునేవాళ్లు, మీరు రీపర్ చూడండి. విన్‌యాంప్ గుర్తుందా? అది చేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ చేశాడు. విండోస్ ఇన్‌స్టాలర్ 20 ఎంబీ కూడా ఉండదు, పాత ల్యాప్‌టాపులో కూడా చకచకా తెరుచుకుంటుంది. 60 రోజుల ట్రయల్, ఆ తర్వాత కూడా తాళం పడదు, తెరిచిన ప్రతిసారీ కొనమని గుర్తుచేస్తుంది అంతే. వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లకి, దీని మీద పెద్దగా సంపాదన లేనివాళ్లకి లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బులో 5 వేల పైమాటే. ట్రయల్ ముగియదు కదా అని ఏళ్లతరబడి అలాగే నడిపించకండి, ఈ ధరకి ఇంత ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు.

రికార్డింగ్ ఎంత సూటిగా ఉంటుందో చూడండి. ముందు ప్రాజెక్టుని సేవ్ చేయండి, సేవ్ చేసేటప్పుడు ప్రాజెక్టుకి విడిగా ఫోల్డర్ తయారుచేయమనే టిక్ పెట్టండి. ఈ ఒక్క టిక్ మర్చిపోతే మీ గొంతు ఫైళ్లన్నీ ఇంకెక్కడో చేరతాయి, ఆర్నెల్ల తర్వాత వెతుక్కోవాలి. కంట్రోల్ టీ నొక్కితే కొత్త ట్రాక్, దాని మీద ఎర్ర బటన్ నొక్కి మైకు ఇన్‌పుట్ ఎంచుకుని కంట్రోల్ ఆర్ నొక్కితే రికార్డింగ్ మొదలు, స్పేస్‌తో ఆగుతుంది. పల్లవి మొత్తాన్ని లూప్‌లో పెట్టి నాలుగుసార్లు పాడి, ఏ టేకులో ఏ మాట బాగా పడిందో దాన్నే ఏరుకోవచ్చు. ఎస్ నొక్కితే కర్సర్ ఉన్నచోట తెగుతుంది. ఇంతే, మొదటి పాటకి ఇంతకుమించి అక్కర్లేదు.

పిచ్ కరెక్షన్ (తప్పిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం) దగ్గర మాత్రం మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మీరు ఒకటిన్నర శ్రుతిలో పాడుతుంటే అది సి షార్ప్, ఐదు అయితే జి, ఐదున్నర అయితే జి షార్ప్. సాఫ్ట్‌వేర్‌కి మన శ్రుతి లెక్క తెలియదు, ఆ పేరే చెప్పాలి. తర్వాత స్కేల్ మేజరో మైనరో ఎంచి ఊరుకుంటే రాగంలో లేని స్వరానికి కూడా లాగేస్తుంది. మోహనం ఒకటో శ్రుతిలో పాడుతున్నారనుకోండి, సి, డి, ఇ, జి, ఏ ఈ ఐదే ఉంచి మిగతావి ఆపేయాలి. రీపర్‌తో వచ్చే రీట్యూన్‌లో ఇలా స్వరం స్వరం ఎంచుకునే వీలుంది. సరిచేసే వేగం కూడా తగ్గించాలి, లేకపోతే గమకం కాస్తా మెట్లు మెట్లుగా విరిగి వినపడుతుంది. చేత్తో ఒక్కో స్వరాన్ని పట్టుకుని సరిదిద్దే పని అయితే క్యూబేస్‌లో వేరియాడియో, లాజిక్‌లో ఫ్లెక్స్ పిచ్ ఇంకా బాగుంటాయి, వాటి ముందు రీట్యూన్ మోటుదే. గమకాలతో నిండిన తోడి రాగం పాడి ఆటో కరెక్షన్ పెడతానంటే ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని కాపాడలేదు.

రీపర్‌లో లోటు ఏంటంటే వాయిద్యాలు లేవు. ఒక చిన్న సింథ్ లాంటిది ఇస్తారు, అంతకుమించి తబలా లేదు, పియానో లేదు, బీట్ పెట్టడానికి ఎఫ్ఎల్‌లో లాంటి గడుల డబ్బా లేదు. అవన్నీ ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు) రూపంలో బయటి నుంచి తెచ్చుకోవాలి. ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి కానీ వెతికి పెట్టుకునే ఓపిక కావాలి. చూడటానికి కూడా అందంగా ఉండదు, పన్ను కట్టే సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది.

ఇక్కడే ఇంకో మాట. గొంతు రికార్డు చేసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ల్యాప్‌టాప్ సొంత సౌండ్‌తో హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు మీకే కాసేపాగి వినిపిస్తుంది, దాన్నే లేటెన్సీ అంటారు, అలా వింటూ తాళంలో పాడటం బ్రహ్మతరం కాదు. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకునే ఆడియో) 512 శాంపిల్స్ ఉంటే సెకనుకి 44,100 శాంపిల్స్ రేటు దగ్గర ఒకవైపే దాదాపు 12 మిల్లీసెకన్ల ఆలస్యం. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లే, కానీ అప్పుడు ప్రాసెసర్ మీద భారం పెరిగి టపటపమని చప్పుళ్లొస్తాయి. అందుకే పాడేటప్పుడు బఫర్ తగ్గించుకుని, మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు పెంచుకుంటారు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్లిచ్చిన ఆసియో డ్రైవర్ (ఈ ఆలస్యాన్ని తగ్గించేది) ఎంచుకున్నారో లేదో చూసుకోండి. కండెన్సర్ మైకు అయితే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కాలి, నొక్కకుండా మైకు పాడైందని షాపుకి తీసుకెళ్లకండి. ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్, వాటితో రికార్డింగ్ అనే మాటే మర్చిపోండి, ఏ సెట్టింగ్ మార్చినా ఆ ఆలస్యం పోదు. వైరున్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ చాలు, లోపలి క్లిక్ (తాళం కోసం పెట్టుకునే టిక్ టిక్) శబ్దం మైకులోకి దూరదు.

కీబోర్డు ముందు కూర్చుంటేనే ఏదైనా వచ్చేవాళ్లకి

కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి) వాయిస్తూ ట్యూన్ కట్టేవాళ్లు, షార్ట్ ఫిల్మ్‌లకి బీజీఎం చేద్దామనుకునేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. మ్యాక్ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఆలోచించడానికి ఏమీ లేదు: గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, దాంతో మొదలుపెట్టండి, అది ఇరుకనిపించిన రోజున లాజిక్‌కి వెళ్లండి. గ్యారేజ్‌బ్యాండ్ ప్రాజెక్టులు లాజిక్‌లో అలాగే తెరుచుకుంటాయి, నేర్చుకున్నదేదీ వృథా కాదు. లాజిక్‌కి 90 రోజుల ట్రయల్ ఇస్తారు, మ్యాక్ వెర్షన్ అమెరికాలో 200 డాలర్లకి ఒకేసారి కొనేసుకునే పద్ధతి. ఆ డబ్బుకి వచ్చే వాయిద్యాలు, లూపులు, తనంతట తానే డ్రమ్స్ వాయించే డ్రమ్మరు లెక్కవేస్తే విడిగా కొంటే ఎన్నో రెట్లవుతుంది. మ్యాక్ ఉన్నవాళ్లు వేరేది ఎందుకు కొంటారో నాకైతే అర్థం కాదు, స్టేజీ మీద ఏబుల్టన్ వాడేవాళ్లు తప్ప.

విండోస్ అయితే క్యూబేస్. జర్మనీలో హ్యాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ వాళ్లది, 1989లో అటారీ కంప్యూటర్ మీద మొదలైంది, ఇప్పుడు ఆ కంపెనీ యమహా చేతిలో ఉంది. మనం రోజూ వీఎస్టీ ప్లగిన్ అంటామే, ఆ వీఎస్టీని 1996లో తెచ్చింది వీళ్లే, పైన చెప్పిన ఆసియో కూడా వీళ్లదే. మిడి (శబ్దం కాకుండా ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా అన్న సమాచారం) ఎడిటింగ్‌లో దీని లోతు వేరే. వయొలిన్ సెక్షన్‌లో ఒక స్వరం సాగదీసి, పక్క స్వరం పొట్టిగా గిల్లినట్టు వాయించాలంటే ఎక్స్‌ప్రెషన్ మ్యాప్స్‌తో స్వరం కిందే రాసేయొచ్చు. వీడియో ఎక్కించి సీన్‌కి తగ్గట్టు రీరికార్డింగ్ చేసుకోవడానికి కూడా హాయిగా ఉంటుంది. దానికి తగ్గట్టే మెనూలు మాత్రం అడవిలా ఉంటాయి. మొదటి నెల రోజులు మీకు సంగీతం కంటే మెనూలే ఎక్కువ కనిపిస్తాయి. యమహా లేదా స్టైన్‌బర్గ్ పరికరం కొన్నప్పుడు పెట్టెలో క్యూబేస్ ఏఐ (ఇది క్యూబేస్ చిన్న ఎడిషన్ పేరు, కృత్రిమ మేధ కాదు) కోడ్ వచ్చిందేమో చూసుకోండి, చాలామంది ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటు పారేస్తారు.

మిడిలో వీణ, ఫ్లూట్ వాయించేవాళ్లకి ఒక చిట్కా, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా వర్తిస్తుంది. చాలా ప్లగిన్లలో పిచ్ బెండ్ 2 సెమిటోన్లకే పెట్టి ఉంటుంది, సరిగ్గా షడ్జం నుంచి చతుశ్రుతి రిషభం దాకా. పెద్ద జారు కావాలంటే ప్లగిన్‌లో ఆ రేంజ్ పెంచుకుని, చక్రం తిప్పి రికార్డు చేశాక ఆ గీతని మౌస్‌తో సవరించండి. ఎఫ్ఎల్‌లో స్లైడ్ నోట్ అని ఇంకో సులువు దారి ఉంది, పియానో రోల్‌లో స్వరాల మధ్య జారు నేరుగా గీయొచ్చు, కాకపోతే ఎఫ్ఎల్ సొంత వాయిద్యాలతోనే పనిచేస్తుంది, బయటి ప్లగిన్లతో కాదు. తాళాలకి ఎక్కడా ఇబ్బంది లేదు: ఆదితాళం 4/4లో రెండు బార్లు, ఖండచాపు 5/8, మిశ్రచాపు 7/8 పెట్టుకుంటే క్లిక్ దానంతటదే కుదురుతుంది.

ప్రో టూల్స్, ఉచితంగా దొరికేవి

ప్రో టూల్స్ 1991 నుంచి ఉంది, పెద్ద స్టూడియోల్లో డబ్బింగ్, మిక్సింగ్ దాని మీద నడుస్తాయి. సౌండ్ ఇంజినీర్‌గా ఉద్యోగం చేయాలన్నది లక్ష్యమైతే తప్పకుండా నేర్చుకోండి. ఇంట్లో పాట కట్టడానికి మాత్రం ఎక్కువ ఖర్చు, తక్కువ సరదా. ఇంట్రో అనే ఉచిత వెర్షన్‌లో 8 ఆడియో ట్రాకులు ఇస్తారు, చేయి తిప్పుకోవడానికి అది చాలు.

కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది, ట్యూన్ తట్టినప్పుడు పట్టి దాచుకోవడానికి భలే ఉంటుంది. ఆడాసిటీ గొంతు కత్తిరించి శుభ్రం చేయడానికి మంచిదే గానీ వాయిద్యాలతో పాట కట్టడానికి ఉద్దేశించింది కాదు. ఎవరైనా కేక్‌వాక్ బై బ్యాండ్‌ల్యాబ్ వేసుకోమంటే ఆ సలహా పాతబడిపోయింది, దాని స్థానంలో సోనార్ వచ్చింది.

100 డాలర్ల లోపు పెట్టగలిగితే

ఎఫ్ఎల్ ఫ్రూటీ, ఏబుల్టన్ ఇంట్రో, క్యూబేస్ ఎలిమెంట్స్ మూడూ ఆఫర్లు లేనప్పుడు సుమారు 100 డాలర్ల దగ్గరే తిరుగుతుంటాయి, అందుకే తికమక. ఒకే ధరకి మూడూ మూడు రకాలుగా చేతులు కట్టేస్తాయి. ఫ్రూటీలో గొంతు ఎక్కదు. ఏబుల్టన్ ఇంట్రోలో 16 ట్రాకులే, డ్రమ్స్‌నే నాలుగైదు ట్రాకులుగా విడగొట్టే అలవాటు ఉంటే చరణం దగ్గరికి వచ్చేసరికి అయిపోతాయి. ఎలిమెంట్స్‌లో వేరియాడియో ఉండదు, కానీ పాట మొదటి నుంచి చివరిదాకా పూర్తి చేయడానికి అడ్డమేమీ రాదు. ఈ మూడింట్లోనే ఎంచమంటే నేను ఎలిమెంట్స్ అంటాను. ఒట్టి బీట్లు చేసి అమ్మేవాళ్లయితే ఫ్రూటీ. అయితే అసలు నా ఓటు, 60 డాలర్లు పెట్టి రీపర్ కొని మిగతా 40 డాలర్లు ఇంటర్‌ఫేస్ ఖర్చులో కలపడానికే. డాలర్లలో కట్టేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, లేకపోతే చివరి నిమిషంలో పేమెంట్ ఆగిపోతుంది.

క్రాక్ (డబ్బు కట్టకుండా తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ) సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర చాలామంది మొదలుపెట్టేదే అక్కడ. నీతులు చెప్పను. కానీ క్రాక్ వేయడానికి యాంటీవైరస్ ఆపమంటారు, అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్, ఇంట్లోవాళ్ల ఫొటోలు ఉంటాయి. పైగా విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు ప్లగిన్ తెరుచుకోదు, ఎవరినీ అడగలేరు. ఎవరికో పెళ్లి పాట చేసిస్తానని అడ్వాన్సు తీసుకున్న వారమే అలా జరిగితే ఏం చేస్తారు? గడువు లేని ట్రయళ్లు, ఉచిత వెర్షన్లు ఇన్ని ఉండగా ఆ తలనొప్పి దేనికి.

అన్నీ సమానంగా తూగి ఎటూ తేలకపోతే, మీకు ఫోన్ చేస్తే ఎత్తే స్నేహితుడు ఏది వాడుతున్నాడో అదే వేసుకోండి. రాత్రి పదకొండింటికి సౌండ్ రావట్లేదని అడగడానికి మనిషి ఉండటం ఏ ఫీచర్ కంటే ఎక్కువ. తెలుగులో పాఠాలు కావాలన్నా ఎఫ్ఎల్ మీద దొరికినన్ని మిగతావాటి మీద దొరకవు, ఇంగ్లిష్ వీడియోలతో ఇబ్బందిపడేవాళ్లు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత మార్చుకోవాలనిపిస్తే, లేదా మిక్సింగ్‌కి వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తే, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా ఇబ్బంది ఉండదు. ఒక్కో ట్రాక్‌ని విడివిడిగా 24 బిట్ వేవ్‌గా తీయండి, వీడియోకి చేసేదైతే 48,000 రేటులో. ప్రతి ఫైలూ పాట సున్నా దగ్గర నుంచే మొదలవ్వాలి, రెండో చరణంలో వచ్చే ఫ్లూట్ అయినా సరే ముందంతా నిశ్శబ్దంతో కలిపే తీయాలి, అప్పుడే అవతలివాళ్లు అన్నీ ఒకే గీత మీద పడేస్తే పాట కుదురుతుంది. మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాక్) మీద పెట్టిన లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైల్ పేర్లు ఆడియో 1, ఆడియో 2 అని వదిలేయకుండా గొంతు, కోరస్, డప్పు, బేస్ అని పెట్టి, ఫోల్డర్ పేరులోనే టెంపో, శ్రుతి రాయండి. మిడి ఫైల్ కూడా జతచేస్తే రేపు వాయిద్యం మార్చాలన్నా మళ్లీ వాయించక్కర్లేదు.